నూట ఇరవై పికోఫారడ్లు

మంచు బూట్లతోనే లోపలికొచ్చాడు డీకన్ ప్రూయిట్,
ఆంప్లిఫయర్ పొట్టకానించుకుని.
"దీని గొంతు మళ్లీ పూడుకుపోయింది."
రోచెస్టర్‌లో ఈ చలికాలం మొదలయ్యాక
ఇది మూడోసారి.

మొదటిసారి ఆయన మాట నిజమే.
చాసిస్ తిప్పి చూస్తే
పవర్ సప్లై కెపాసిటర్లు నాలుగూ
ఉబ్బిపోయి, మూతుల దగ్గర
తేనెరంగు జిగురు కక్కుకుని ఉన్నాయి.
ప్లగ్గు పీకి పూట గడిచినా
నాలుగొందల వోల్టులు కడుపులో దాచుకోగల మొండిఘటాలు.
ఎడమచెయ్యి జేబులో పెట్టి
కుడిచేత్తో రెసిస్టర్ ఆనించి
మీటరు ముల్లు సున్నాకి దిగేదాకా
నేను మాట్లాడను.
రేడియోని కూడా మాట్లాడనివ్వను.

లోపల ఓ మూల టేపు ముక్క,
దానిమీద పెన్సిలుతో: ఒఫీలియా.
ఏ ఫ్యాక్టరీలోనో ఈ తీగలన్నీ అతికిన మనిషి.
అరవై ఏళ్ల ఆమె టంకం ఇంకా మెరుస్తోంది.
నా అతుకులు కాస్త పక్కకి పెట్టుకున్నాను.

రెండోసారి, "దుప్పట్లోంచి పాడుతున్నట్టుంది," అన్నాడు.
సరే, ఒక ట్యూబు నుంచి ఇంకోదానికి
స్వరాన్ని దాటించే కెపాసిటర్లు చూశాను.
వాటి పని ఒకటే.
కదలని కరెంటుని గడప బయటే ఆపాలి,
కదిలేదాన్ని రానివ్వాలి.
ఒక ముసలిది కాపలా కాస్తూ కునుకు తీస్తోంది,
మూడు వోల్టులు జారుతున్నాయి.

సొరుగు లాగాను.
నారింజరంగువి: ఏ తప్పూ చెయ్యవు,
తప్పు చెయ్యని చుట్టంలాగే విసుగు.
పసుపువి: కొంచెం బొంగురు, కొంచెం చనువు.
నూనెలో నానిన కాగితంవి రెండే మిగిలాయి,
వాటికోసం చెవులు కోసుకునే కుర్రాళ్లున్నారు.
విలువ అన్నిటిమీదా ఒకటే,
సున్నా పాయింట్ సున్నా రెండు రెండు.
తేడా వినిపిస్తుందా అంటే
రాత్రి పదకొండింటికి వినిపిస్తుంది.
పొద్దున్నే అడక్కండి.
పసుపువి పెట్టాను.

ఇక ఇవాళ.
మనవరాలు షనీస్ కూడా వచ్చింది.
ఆయన ట్రెబుల్ పదికి తిప్పి
ఒళ్లో స్టీల్ గిటార్ మీద కడ్డీ జార్చాడు.
పిల్ల భుజాలు చెవులదాకా లేచాయి.
ఆయన తల అడ్డంగా ఊపాడు, "చూశావా? మూసుకుపోయింది."

సిగ్నల్ జనరేటర్ తగిలించి
ఆరువేల దగ్గర ఆపాను.
షనీస్ వేళ్లు చెవుల్లో ఉన్నాయి.
డీకన్ మర్యాదగా ఎదురుచూస్తున్నాడు,
"ఎప్పుడు మొదలెడతావమ్మా?"

ముప్ఫై నాలుగేళ్లు రేకులు గుద్దే ప్రెస్సు పక్కన నిలబడ్డ మనిషి.

పిల్లా నేనూ ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.
జనరేటర్ కట్టేశాను.
"లోపం దీన్లోనే ఉంది," అన్నాను.

కందిబద్దంత సిరామిక్ బిళ్ల.
నూట ఇరవై పికోఫారడ్లు.
వాల్యూమ్ కంట్రోల్ మీదుగా వంతెన కట్టి
తారస్థాయిని దొడ్డిదారిన దాటిస్తుంది.
దానికో స్విచ్చి, వెనకపక్క, కనపడకుండా.
పైకి అంటే తాతకి.
కిందికి అంటే చర్చిలో మిగతా అందరికీ.
షనీస్‌కి మాత్రమే చూపించాను.

ఆయన వాయించాడు. ఆగాడు.
మళ్లీ అదే స్వరం, మెల్లగా.
"ఇదిగో," అన్నాడు, "ఇక్కడుంది."

ఆదివారం ఆ పిల్ల స్విచ్చి దించలేదట.
ముందువరస ముఖాలు చిట్లించుకుంది గానీ
కిక్కురుమనలేదట.

వాళ్లు వెళ్లిన ఆ రాత్రే
షట్టరు దించి, జనరేటర్ ముందు కూర్చున్నాను.
తొమ్మిదివేలు, ఉంది.
పదివేలు, సన్నటి దారం.
పదకొండువేల దగ్గర
హీటరు చప్పుడు తప్ప ఏమీ లేదు.
బల్ల కింద పడుకున్న కుక్క మాత్రం
లేచి, తలుపు దగ్గరికి పోయింది.

సొరుగు ఇంకా తెరిచే ఉంది.
నారింజవి, పసుపువి.
ఏది మేలని
ఎంతమందితో ఎన్ని రాత్రులు వాదించానో.